ఎవరికి? ఎందుకు? – ఆంగ్లములో కృతజ్ఞత తెలుపుటను గూర్చి

పోయిన సంవత్సరము పరీక్ష ఫీజుల గడువు ముగిసిన కొన్ని దినములకు, ముప్పది ఉత్తరములున్న ఒక లావుపాటి కవరు మా బల్ల మీదికి తిరిగి వచ్చినది. అవి మన కళాశాల విద్యార్థులు ఒక పెద్దమనిషికి వ్రాసిన ఉత్తరములే. ఆయన రైల్వేలో పని చేసి విశ్రాంతి తీసుకొన్నవారు; ఇచ్చట సామర్లకోటలోనే కాపురము. తన పేరు ఎక్కడను ప్రకటింపరాదన్న షరతు మీద మన పిల్లలలో కొందరికి ఏటేటా ఫీజు కట్టుచున్నారు. ఆ షరతును ఈ వ్యాసమునందు కూడ పాటించుచున్నాము. కవరులో ఆయన ఉర్దూలో వ్రాసిన చీటీ ఒకటి ఉన్నది. దాని తాత్పర్యమిది: "ముప్పదియొక్క ఉత్తరములు అందినవి. వాటిలో ముప్పది ఒక్కరే వ్రాసినట్లున్నవి. ఆ ఒక్కరికి వాటిని తిరిగి పంపుచున్నాను. మిగిలిన ఒక్కదానిని నా వద్ద ఉంచుకొనుచున్నాను."

ఆ ఒక్కరు మేమే. దాచుకొనుటకు వీలు లేదు. ఆంగ్లోపన్యాసకులు సెలవులో ఉన్న వారములో, దాతకు ధన్యవాదములు తెలుపు ఉత్తరములు పిల్లలచేత వ్రాయింపవలసినదని కమిటీవారు కోరగా, తెలుగు చెప్పు మేమే సుద్దముక్క పట్టుకొని నల్లబల్ల మీద ఒక నమూనా వ్రాసినాము. మా విద్యార్థి దశలో ఏదో గైడులో చూచి కంఠస్థము చేసిన వాక్యమది: ‘ఐ బెగ్ టు ఎక్స్‌ప్రెస్ మై హార్ట్‌ఫెల్ట్ గ్రాటిట్యూడ్ టు యువర్ గుడ్ సెల్ఫ్ ఫర్ దిస్ యాక్ట్ ఆఫ్ కైండ్‌నెస్, ఫర్ విచ్ ఐ షల్ రిమైన్ ఎవర్ గ్రేట్‌ఫుల్.’ వాక్యములో వ్యాకరణ దోషము లేదు. వినుటకు గంభీరముగానే ఉన్నది. ముప్పదిమంది పిల్లలు తప్పు లేకుండ దింపుకొన్నారు. దయాకార్యమట! ఏ దయ? ఏ కార్యము? అదే వాక్యమును వరదలో పడవ వేసి ప్రాణము కాపాడినవానికి వ్రాయవచ్చును. ఒక పూట సెలవిచ్చిన హెడ్మాస్టరుకు కూడ వ్రాయవచ్చును. ఎవరికైనను సరిపోవు చొక్కా ఎవరి ఒంటికిని సరిగా కుదరదు గదా.

ఇక ఆయన ఉంచుకొన్న ఉత్తరము. దానిని వ్రాసిన అమ్మాయి మేము నమూనా వ్రాసిన దినమున తరగతికి రాలేదు. ఆమె అనుమతితో చెప్పుచున్నాము. అయిదు పంక్తుల ఆంగ్లము. రెండు మూడు స్పెల్లింగు తప్పులు. అందలి సంగతి ఇంతే: మీరు చివరి దినమున ఫీజు కట్టినారు. మా నాన్నగారు కుట్టు మిషను అమ్ముదమనుకొన్నారు, అమ్మలేదు. ఇప్పుడు సాయంత్రములందు నేను కూడ దాని మీద జాకెట్లు కుట్టుచున్నాను. థాంక్ యూ సర్.

ఈ రెండు విధముల ఉత్తరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తరువాత మాకు కలిగిన అభిప్రాయమును విద్యార్థులకును, కమిటీ పెద్దలకును మనవి చేయుటకే ఈ వ్యాసము. ఆంగ్లములో కృతజ్ఞత తెలుపవలసి వచ్చినప్పుడు మన పిల్లలు మమ్ము అడుగు మొదటి ప్రశ్న – ‘సార్, థాంక్స్ అనవలెనా, థాంక్ యూ అనవలెనా, గ్రేట్‌ఫుల్ అనవలెనా, ఆబ్లైజ్‌డ్ అనవలెనా, వీటిలో పెద్దది ఏది?’ అని. బంగారమును తూచినట్లు మాటలను తూచి, బరువైనదానిని కొనిపోవలెనని వారి తాపత్రయము. ఇందులో వారి తప్పు లేదు. ఆంగ్లమును మనము మొదటినుండియు ఆభరణముగానే చూచినాము. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1897లో అచ్చయినది. అందలి గిరీశము ఇంగ్లీషు ముక్కలను వాడినది ఎదుటివానికి ఏదో తెలుపుటకు కాదు, ఎదుటివాని కండ్లు చెదరగొట్టుటకు. కృతజ్ఞత విషయములో మాత్రము ఆ విద్య పనికిరాదని మా మనవి.

మాటల బరువు అసలే చూడరాదని కాదు. చూడవలెను. ‘థాంక్’ అను మాటకును, ఆలోచించుట అను అర్థము గల ‘థింక్’ అను మాటకును పుట్టుక ఒక్కటే. ప్రాచీనాంగ్లములో ఆ మూలపదమునకు తలపు అనియే అర్థము. అనగా నీవు చేసినది నా తలపులో ఉన్నదని చెప్పుటయే థాంక్ యూ. మన కృతజ్ఞత కూడ అట్టిదే: కృతమును, అనగా చేయబడినదానిని, ఎరిగినవాడు కృతజ్ఞుడు. దానిని చంపుకొన్నవాడు కృతఘ్నుడు. ఇంటిలో మనము పలుకు ‘షుక్రియా’ అరబ్బీ ‘షుక్ర్’ నుండి వచ్చినది. అల్లాహ్ శుభనామములలో ‘అష్షకూర్’ ఒకటి. దాసుడు చేసిన అల్పమైన మంచిని కూడ గుర్తించి ఆదరించువాడని పెద్దలు దానికి చెప్పు వివరణ. చూచితిరా, మూడు దేశముల మాటలు మూడును ఒకే చోట కలిసికొన్నవి. తలచుట, ఎరుగుట, గుర్తించుట. మొక్కుట, వంగుట, బానిసనగుట అను అర్థము వీటిలో దేనికిని లేదు.

‘ఆబ్లైజ్‌డ్’ కథ వేరు. అది లాటిను భాషలో కట్టుట అను అర్థము గల ధాతువునుండి వచ్చినది. పోర్చుగీసువారి ‘ఒబ్రిగాదో’ కూడ దాని తోబుట్టువే. అనగా నీ మేలుతో నేను కట్టుబడితిని అని. ‘ఇండెటెడ్’ అనగా సాక్షాత్తు ఋణపడితిననియే. మన తెలుగువారు ‘మీ ఋణము తీర్చుకొనలేను’ అని అనునది ఇట్టిదే గాని, మనము దానిని దారి చెప్పినవానితో అనము. ఆపరేషనుకు రక్తమిచ్చినవానితో అందుము. అయితే అదే విద్యార్థి ఆంగ్లములోనికి వచ్చుసరికి ఒక గంటసేపు కలము అరువిచ్చిన స్నేహితునికి ‘అయామ్ ఇండెటెడ్ టు యూ’ అని వ్రాయుచున్నాడు. కలము తిరిగి ఇచ్చినాడో లేదో మాకు తెలియదు. మనకు దగ్గరనే ఉన్న యానాములో 1954 వరకు ఫ్రెంచివారి దొరతనము సాగినది గదా; వారి ‘మెర్సీ’ అను మాట కూలి, ప్రతిఫలము అను అర్థము గల లాటిను మాటనుండి పుట్టినదని చెప్పుదురు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క వైపునుండి ఈ భావమును పట్టుకొన్నది.

‘గ్రేట్‌ఫుల్’కును ‘థాంక్‌ఫుల్’కును గల భేదమును మాత్రము విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను, ఏలయనగా పరీక్షలలో కూడ ఇచ్చటనే జారుదురు. వాన వచ్చులోపల ఇల్లు చేరితిమి, రైలు తప్పిపోలేదు, జ్వరము తగ్గినది – ఇట్టి చోట్ల కలుగు ఊరట సాధారణముగ ‘థాంక్‌ఫుల్’. మేలు చేసిన మనిషి ఎదుట ఉన్నప్పుడు ‘గ్రేట్‌ఫుల్’. మొదటిదానికి మనిషి అక్కరలేదు, రెండవదానికి కావలెను. ఇక ‘థాంక్స్ టు యూ’ అన్నచో ‘నీ మూలముననే’ అని అర్థము వచ్చును. అది మంచికిని, వెటకారమునకును సమానముగ పనికివచ్చు మాట. ఒక విద్యార్థి గురువుగారికి ‘థాంక్స్ టు యూ సర్, ఐ ఫెయిల్డ్ ఓన్లీ ఇన్ వన్ సబ్జెక్ట్’ అని వ్రాసినాడు. అతడు నిజముగా కృతజ్ఞతతోనే వ్రాసినాడు. చదివిన గురువుగారు రెండు దినములు అతనితో మాటలాడలేదు.

అన్నిచోట్లను వివరముగ చెప్పవలెనని కూడ మేము అనము. మన ఊరి స్టేషనుకు పోయి చూడుడు. కటకమునుండి విజయవాడ వరకు 1893–1896 నడుమ వేసిన దారి మీది ఊరు మనది. కాకినాడకు చీలు శాఖ ఇచ్చటనే ఉన్నది. వంగమునుండి వచ్చినవాడు, అరవదేశమునకు పోవువాడు, కాకినాడ బండి ఏ ప్లాట్‌ఫారమని అడుగువాడు – ఎవరి భాష ఎవరికిని రాదు. మంచినీళ్ల సీసా అందించినవానితో ‘థాంక్ యూ’ అని, బండి కదలగా చేయి ఊపి వెళ్లిపోవుదురు. అచ్చట ఆ రెండు మాటలు చాలును. అపరిచితుల నడుమ ఆంగ్లము చేసిన మేలు అది. దానిని మేము తక్కువ చేయము. మన భాషలలో ఆ పాటి చిన్న మేలుకు సరిపోవు చిన్న మాట లేకపోయినది. ‘ధన్యవాదములు’ అన్నచో సభలో ఉపన్యసించినట్లుండును. అందుచేతనే కిరాణా కొట్టులో చిల్లర తీసికొనుచు పల్లెటూరి రైతు సైతము ‘థాంక్స్ అండీ’ అనుచున్నాడు. ఆ ‘అండీ’ని గమనింపుడు. ఆంగ్లపు మాటకు గోదావరి మర్యాద తగిలించి తనదిగా చేసికొన్నాడు. దానికి మేము అభ్యంతరము చెప్పము సరిగదా, సంతోషింతుము.

తంతి కార్యాలయములున్న కాలములో శుభాకాంక్షల తంతులకు సిద్ధవాక్యముల పట్టిక ఉండెడిది. పెండ్లికి ఒకటి, పరీక్షలో ఉత్తీర్ణతకు ఒకటి, ఈద్ ముబారక్‌కు ఒకటి. వచ్చిన శుభాకాంక్షలకు కృతజ్ఞత తెలుపుటకును ఒకటి. సంఖ్య చెప్పినచో చాలును, వాక్యము తానే పోయి చేరెడిది. 2013 జూలైలో ఆ తంతి సౌకర్యమే మన దేశమున ముగిసినది. మాటకు ఇంత అని రుసుము లెక్కించు చోట సిద్ధవాక్యము న్యాయమే. ఉత్తరము వ్రాయు కాగితము మీద అట్టి రుసుము లేదు. అయినను మేము నల్లబల్ల మీద వ్రాసినది ఒక తంతి సంఖ్య వంటిదే. ఇప్పుడు చరవాణిలో జోడించిన చేతుల బొమ్మ ఒకటి పంపుచున్నారు. అది కూడ ఆ సంతతిలోనిదే గాని, దానిని పంపువారు కనీసము దానిని ఉత్తరమని భ్రమపడుట లేదు.

మరి పెద్ద మేలు జరిగినప్పుడు ఏమి చేయవలెను? దీనికి సమాధానము మన ప్రాచీన తెలుగు కావ్యములలోనే ఉన్నదని మా నమ్మకము. కృతిని అంకితమిచ్చునప్పుడు కవి అవతారిక చివర షష్ఠ్యంతములు వ్రాయును. ప్రతి విశేషణము ‘కిన్’ అనియో, ‘కున్’ అనియో ముగియును. ఇట్టివానికి, ఇది చేసినవానికి, ఈ వంశమున పుట్టినవానికి ఈ కావ్యము అని. ఎవరికి అన్నది విభక్తి చెప్పును, ఎందుకు అన్నది విశేషణము చెప్పును. పదునారవ శతాబ్దిలో పొన్నెగంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్రము’ను అమీనుఖానునకు అంకితమిచ్చినాడు. ఆ కావ్యము అచ్చతెలుగులో వ్రాయబడిన మొదటి కావ్యమని పేరుపొందినది. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలోని ఒక ముస్లిం ప్రభువునకు ఒక తెలుగు కవి తన కృతజ్ఞతను తెలుపుటకు ఎన్నుకొన్నది పెద్దపెద్ద సంస్కృత సమాసములను కాదు, ఇంటి మాటలను. (మన విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలియునో అడిగి చూడవలెను.) మనకు పొరుగుననే పిఠాపురము మహారాజావారి పేర సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలసినది, అదియు ఒక షష్ఠ్యంతమే. భాష కొరకు ఖర్చు పెట్టినవానికి భాషయే తన పదకోశము మీద పేరు వ్రాసి ఇచ్చినది.

ఆంగ్లములో ఈ పనిని రెండు చిన్న మాటలు చేయుచున్నవి. ‘టు’, ‘ఫర్’. గ్రేట్‌ఫుల్ టు – ఎవరికి. ఫర్ – ఎందుకు. ‘థాంక్ యూ’ అన్నచో ‘టు’ అక్కరలేదు, ‘ఫర్’ ఒక్కటి చాలును. మేము వ్రాసిన నమూనాలో ఈ రెండును ఉన్నవి. అయితే ‘టు’ తరువాత మనిషి లేడు, ‘గుడ్ సెల్ఫ్’ ఉన్నది. ‘ఫర్’ తరువాత పని లేదు, ‘యాక్ట్ ఆఫ్ కైండ్‌నెస్’ ఉన్నది. ఖాళీ పాత్రకు పట్టుగుడ్డ కప్పినట్లు. ఆ అమ్మాయి ఉత్తరములో ‘ఫర్’ అను మాటయే కనబడదు గాని, ‘ఫర్’ తరువాత ఉండవలసినదంతయు ఉన్నది: చివరి దినము, ఫీజు, అమ్మని కుట్టు మిషను. మీ రూపాయలు పోయి ఎచ్చట ఆగినవో ఆయనకు చూపినది. కాబట్టి ఏ మాట పెద్దది అని అడుగు విద్యార్థికి మా సమాధానము – ముందు ఆ పని పేరు చెప్పు. తరువాత ‘థాంక్ యూ’ అను చిన్న మాటయే ఆ బరువును మోయగలదు. పని పేరు చెప్పలేని చోట ఎంత పెద్ద మాటయైనను మోయలేదు.

ఇచ్చటనే ఇంకొక దురలవాటును చెప్పి ముందుకు పోవుదము. అర్జీల చివర ‘థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్’ అని వ్రాయుట. చేయని పనికి ముందుగనే కృతజ్ఞత చెప్పి, ఎదుటివానిని ఇరుకున పెట్టుట మర్యాద కాదు. అప్పు ఇవ్వకముందే వడ్డీ చేతిలో పెట్టినట్లుండును. ‘ఐ షల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కెన్’ అని అడుగుట మేలు. కాదనుటకు అవతలివానికి దారి మిగులును.

మన వార్షికోత్సవములలోని ‘వోట్ ఆఫ్ థాంక్స్’ను గూర్చి కూడ ఒక మాట. సభలో తీర్మానము ప్రతిపాదించి సభ్యుల సమ్మతి తీసికొను ఆచారమునుండి ఆ పేరు వచ్చినది. మన పార్లమెంటులో నేటికిని రాష్ట్రపతి ప్రసంగమునకు ధన్యవాద తీర్మానము పెట్టుదురు. దాని మీద చర్చించి, సవరణలు ప్రతిపాదించి, వోటు కూడ వేయుదురు. మన హాలులో ఎవరును సవరణ ప్రతిపాదింపరు గాని, అవకాశమున్నచో మేము ఒకటి ప్రతిపాదింతుము. ముఖ్య అతిథికి, అధ్యక్షులకు, కమిటీవారికి, ఉపన్యాసకులకు పేరుపేరున వందనములు చెప్పి, చివరకు ‘లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్’ అని మైకువానికిని, అటెండర్లకును కలిపి ఒక్క మాట పారవేయుట మానవలెను. లీస్ట్ కాదని చెప్పవలసి వచ్చినదనగా, అట్లనుకొనుచున్నట్లే. వాన పడిన రాత్రి కుర్చీలు మోసి లోపల చేర్చినది ఎవరో సభలో అందరికిని తెలియును. ఆ పని పేరు, ఆ మనిషి పేరు చెప్పినచో రెండు నిముషములు పట్టదు.

ఇక కమిటీ పెద్దలకు వినయముతో ఒక విన్నపము. ఇది చెప్పుటకు కొంత జంకుగానే ఉన్నది, అయినను చెప్పక తప్పదు. సహాయము పొందిన పిల్లలచేత వరుసగా, ఒకే దినమున, ఒకే మాటలలో కృతజ్ఞతా పత్రములు వ్రాయించుట మంచిది కాదు. కృతజ్ఞత బాకీ వంటిదే కావచ్చును. అయితే అది వసూలు చేయు బాకీ కాదు. ఆ ముప్పదిమందిలో మనసున ఏమియు లేనివారున్నారని మేము అనుకొనము. తరువాత ఒక్కొక్కరిని పిలిచి అడిగితిమి. ఒకడు, ఫీజు కట్టినందున అన్నగారు గల్ఫుకు పోవుటకు చేసిన అప్పులో మరొకటి చేరలేదని చెప్పినాడు. ఒకతె, తన నిఖా వాయిదా వేయుటకు ఇంటిలో ఆ రసీదే సాక్ష్యమైనదని చెప్పి తల వంచుకొన్నది. ఇవి ఏవియు వారి ఉత్తరములలో లేవు. ఎందుకు వ్రాయలేదని అడుగగా, "బోర్డు మీద లేదు గదా సార్" అన్నారు. వారి నోటికి అడ్డము పడినది ఆంగ్లము కాదు, మేము.

కృతజ్ఞతను ఆంగ్లములోనే తెలుపవలెనన్న నియమము కూడ ఎవరు పెట్టినారో తెలియదు. మన పిల్లల ఇండ్లలో ‘జీతే రహో’ అను అమ్మమ్మలున్నారు. వీథిలో ‘నీ కడుపు చల్లగా ఉండ’ అని దీవించు ముసలమ్మలున్నారు. మేలు చేసినవాడు బాగుండవలెనని కోరుట మన పద్ధతి. నీవు చేసినది ఎరుగుదునని చెప్పుట ఆంగ్లేయుని పద్ధతి. ఉర్దూ చదువగల దాతకు, ఉర్దూ మాటలాడు పిల్లవాడు, తెలుగు ఉపన్యాసకుడు వ్రాసి ఇచ్చిన ఆంగ్లములో వందనము చెప్పుట ఎంత విడ్డూరము! ఉద్యోగమునకు, కార్యాలయమునకు, దూరదేశపు విశ్వవిద్యాలయమునకు వ్రాయునప్పుడు ఆంగ్లము కావలెను. అప్పుడు ‘టు’, ‘ఫర్’ అను రెండు గదులను నింపి వ్రాయవలెను. పక్క వీథిలో ఉన్న పెద్దమనిషికి వ్రాయునప్పుడు ఏ భాషలో నోరు తిరుగునో ఆ భాషలో వ్రాయనిండు.

ఈ సంవత్సరము నల్లబల్ల మీద మేము ఏమియు వ్రాయలేదు. వ్రాయదలచినవారు వ్రాయవచ్చునని మాత్రము చెప్పితిమి. ఇప్పటికి పదునొకండు ఉత్తరములు వచ్చినవి – అయిదు ఉర్దూలో, నాలుగు తెలుగులో, రెండు ఆంగ్లములో. కవరు అంటించుటకు ముందు ఒక కుర్రవాడు వచ్చి, ఆయనను ‘సర్’ అని వ్రాయవలెనా, ‘చాచా’ అని వ్రాయవలెనా అని అడిగినాడు. ఆయన ఇల్లు నీకు తెలియును గదా, పోయి ఆయననే అడుగుమన్నాము. వాడింకను తిరిగి రాలేదు. ఆ ఒక్క ఉత్తరము కొరకు కవరు తెరచియే ఉంచినాము.